చికాగో భూరసాయన ప్రయోగశాలయందు తొషికో మయేదా కృషి

స్వస్థలమును విడిచి పరప్రాంతములందు స్థిరపడిన జనుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా రాజులను, దండనాయకులను, వర్తకులను, దేవాలయములకు మాన్యములిచ్చిన దాతలను పేర్కొందురు. విజయనగర కాలమునందును, అటుపిమ్మట మధుర, తంజావూరు నాయకరాజుల కాలమునందును దక్షిణమునకు తరలిపోయిన తెలుగువారి చరిత్రయు చాలవరకిట్లే వ్రాయబడినది. శాసనమున పేరు చెక్కించుకొన్నవారు నిలిచిరి. ఆ శాసనమును చెక్కిన శిల్పి పేరు కొలది చోట్లనే కానవచ్చును. విజ్ఞానశాస్త్ర చరిత్రయు ఈ విషయమున భిన్నమైనది కాదు. సిద్ధాంతమును ప్రతిపాదించిన ఆచార్యుని పేరు గ్రంథములకెక్కును. ఆ సిద్ధాంతమునకు ఆధారమైన అంకెను పరికరము ముందు కూర్చుండి సాధించినవారి పేరు వ్యాసము చివర కృతజ్ఞతా వాక్యమున దొరికిన దొరకవచ్చును, లేకున్న లేదు.

ఈ రెండు మరుగులను దాటి వచ్చిన స్త్రీ తొషికో మయేదా. జపానునుండి అమెరికాకు వలస వచ్చిన కుటుంబమున జనించి, జన్మభూమియే శత్రుజాతిగా నెంచి కంచెలోపల నిర్బంధించిన జనసమూహమున నొకతెయై, విడుదలయైన పిమ్మట చికాగో విశ్వవిద్యాలయమున గాజుపాత్రలు కడుగు పనికి కుదిరి, సుమారు అర్ధశతాబ్దము అచ్చటి భూరసాయన ప్రయోగశాలయందు పనిచేసినది. ఆమె వృత్తి టెక్నీషియను వృత్తి. మన కళాశాలలందలి అటెండరు పనికిని, డిమాన్‌స్ట్రేటరు పనికిని నడుమనుండు ఈ వృత్తికి తెలుగున నిలుకడయైన పేరు ఏర్పడినట్లు కానరాదు. పేరు లేని పనికి గౌరవము ఆలస్యముగా వచ్చుట సహజమే.

తొషికో 1923లో అమెరికా పశ్చిమతీరమున వాషింగ్టన్ రాష్ట్రమందలి టకోమా నగరమున జన్మించినది. పుట్టింటి పేరు కుకి. బాల్యము జపానునందలి యొక్కాయిచి, ఒసాకా పట్టణములలో గడచినది. తరువాత ఆమె తిరిగి అమెరికా చేరెను. 1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేయగా, పశ్చిమతీరమునందలి జపాను జాతీయులందరిపై అనుమానము కమ్మినది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకము చేసిన ఉత్తరువును అనుసరించి సుమారు 1,20,000 మంది తమ యిండ్లను, దుకాణములను, పొలములను విడిచి నిర్బంధ శిబిరములకు పోవలసివచ్చెను. వారిలో మూడింట రెండువంతులు ఆ దేశముననే పుట్టిన పౌరులు. విచారణ లేదు, నేరారోపణ లేదు. తాతతండ్రుల దేశమే నేరమైనది.

తొషికోయు ఆమె తండ్రియు ఉత్తర కాలిఫోర్నియాయందలి ట్యూల్ లేక్ శిబిరమునకు పంపబడిరి. పది శిబిరములలో నదియే మిక్కిలి పెద్దది. ఆమె తన భావి భర్తను అచటనే కలిసికొనెను. ఆ శిబిరము 1946 మార్చిలో మూతపడెను. ఈ నిర్బంధము అన్యాయమని అమెరికా ప్రభుత్వము చట్టపూర్వకముగా ఒప్పుకొని క్షమాపణ చెప్పి, జీవించియున్నవారికి తలకు 20,000 డాలర్ల చొప్పున పరిహారమునకు ఏర్పాటు చేసినది 1988లో. నాటికి నలువది సంవత్సరములకు మించి గడచిపోయినవి.

శిబిరములనుండి వెలువడినవారిలో పలువురు వెనుకటి ఊళ్లకు పోక, లోనాడునందలి నగరములకు తరలిరి. ప్రభుత్వము వారినట్లే ప్రోత్సహించినది. యుద్ధమునకు పూర్వము కొన్ని వందలకు మించని చికాగోయందలి జపాను సమాజము ఈ కారణమున సుమారు ఇరువది వేలకు పెరిగెను. పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండు తెలుగువారికి ఇంటి భాష వేరు, వీధి భాష వేరుగా నడచు జీవితము క్రొత్తది కాదు. కాని ఇంటి భాష మూలముననే ఇల్లు పోగొట్టుకొనుట వేరు మాట. తొషికో ఆ నగరముననే చదువు సాగించి, 1949లో చికాగో విశ్వవిద్యాలయమునుండి రసాయనశాస్త్రమున బ్యాచిలరు పట్టమును పొందెను. అంతకుమించిన పట్టమును ఆమె గైకొనలేదు.

ఆమెను పనిలో చేర్చుకొన్నవాడు హెరాల్డ్ యూరీ. 1931లో భారజలజనిని కనుగొని, 1934లో నోబెల్ బహుమానమందిన శాస్త్రజ్ఞుడు. ఒకే మూలకమునకు చెందియు భారమున మాత్రమే భేదించు పరమాణువులను ఐసోటోపులందురు. ఆక్సిజనునకు అట్టివి మూడు. ప్రకృతియందలి ఆక్సిజనులో నూటికి 99.76 పాళ్లు 16 భారము గలది, 0.20 పాళ్లు 18 భారము గలది, మిగిలిన 0.04 పాళ్లు 17 భారము గలది. సముద్రజంతువు తన చిప్పను కట్టుకొనునపుడు, నీటినుండి ఆ చిప్పలోని సున్నపు పదార్థములోనికి చేరు 18 పాలు నీటి వేడిమినిబట్టి కొంచెము మారును. నీరు వేడెక్కిన కొలది ఆ పాలు తగ్గును. కావున కోట్ల సంవత్సరముల క్రిందటి చిప్పలో ఆ పాలును కొలిచినచో ఆనాటి సముద్రపు వేడిమి తెలియవలెనని యూరీ 1947లో ప్రకటించిన గణనలనుండి తేలెను.

ఊహ సులభము, కొలత కష్టము. ఒక్క డిగ్రీ వేడిమి మారిన ఆక్సిజను-18 పాలు వేయింటికి సుమారు 0.2 వంతున మాత్రమే మారును. ఆ ఆక్సిజను-18యే మొత్తమున అయిదువందలలో ఒక్క వంతు. అనగా అత్యల్పమైన వస్తువునందలి అత్యల్పమైన భేదమును పట్టుకొనవలెను. దీనికై చికాగో ప్రయోగశాలవారు ఆల్ఫ్రెడ్ నీర్ నిర్మించిన మాస్ స్పెక్ట్రోమీటరును సంస్కరించి, పరీక్షింపవలసిన వాయువును, ప్రమాణ వాయువును మార్చిమార్చి ఒకదాని వెంట నొకటి పరికరములోనికి వదలి పోల్చునట్లు చేసిరి. 1951లో యూరీ, లోవెన్‌స్టామ్, ఎప్‌స్టైన్, మెకిన్నీ ప్రకటించిన వ్యాసమున జురాసిక్ యుగమునాటి బెలెమ్నైటు అను జలచరపు శిలాజమును పొరపొరగా గీకి కొలవగా, అది సుమారు నాలుగేండ్లు జీవించి వసంతకాలమున మరణించినదని తేలినది. మనుష్యుడు పుట్టుటకు ఎంతయో పూర్వము చనిపోయిన జీవికి జాతకము వ్రాసినట్లైనది.

ఇట్టి జాతకమునకు గణకులెవరో అందరెరుగుదురు. గడియను చూచినవారెవరో కొందరే యెరుగుదురు. మయేదాను యూరీ 1950 ప్రాంతమున గాజుపాత్రలు కడుగుటకే నియమించెను. ఈ పని చులకనగా కనబడుట సహజము. కాని భూరసాయన ప్రయోగశాలలో పాత్ర కడుగుట సగము శాస్త్రము. లోపల మిగిలిన పూర్వపు నమూనా లేశము, గోడకంటిన తేమ, మూత సందునుండి చొరబడిన గాలి, వీనిలో ఏ యొక్కటియైనను కోరిన అంకెను మింగివేయగలదు.

ఇదే కాలమున, ఇదే విశ్వవిద్యాలయమున, క్లేర్ ప్యాటర్సన్ అను యువకుడు సీసపు ఐసోటోపులద్వారా భూమి వయస్సును కనుగొన యత్నించుచుండెను. తాను పరీక్షించు రాతిలోని సీసముకంటె గాలిలోను, పాత్రలలోను, ఆమ్లములలోను ఉన్న సీసమే యెక్కువయైనట్లు అతడు గ్రహించెను. 1952లో కాలిఫోర్నియా టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూటునకు పోయిన పిమ్మట అతడు ప్రయోగశాలను తుడిచి, కడిగి, ఆమ్లములను మరల మరల శుద్ధి చేయించి, 1956లో భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని, 7 కోట్ల హెచ్చుతగ్గులతో, ప్రకటించెను. ఆ శుభ్రతాదీక్షనుండియే పెట్రోలులోని సీసము లోకమంతటను వ్యాపించినదను ఎరుక కలిగినది. భారతదేశమున సీసము కలిసిన పెట్రోలు అమ్మకము ఆగినది 2000వ సంవత్సరమున. పాత్ర కడుగుట ఎంత దూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

మయేదా పాత్రలకడ చాలకాలము నిలువలేదు. కొలదికాలములోనే ఆమెకు మాస్ స్పెక్ట్రోమీటరు పని అప్పగింపబడెను. చిప్పను పరీక్షించు క్రమము చూచినచో ఆ పని స్వరూపము బోధపడును. ముందుగా చిప్పను పొడిచేసి, అందలి జీవపదార్థము పోవునట్లు హీలియము ప్రవాహమున కాల్తురు. ఆ పొడిని గాలి తీసివేసిన గాజుగొట్టమున నుంచి, నీరు లేశమైనను లేని ఫాస్ఫారిక్ ఆమ్లమును 25 డిగ్రీల నిలుకడ వేడిమివద్ద దానిపై వంచుదురు. వెలువడిన బొగ్గుపులుసు వాయువును ద్రవ నత్రజనిలో ముంచిన గొట్టమున గడ్డకట్టించి, ఇతర వాయువులను తోడివేసి, మరల కరగించి పరికరమునకు అందింతురు. అంతట ప్రమాణము, నమూనా, ప్రమాణము, నమూనా అను వరుస మొదలగును. సూచిక కదలికలో అనుమానము తోచిన మరల మొదటినుండి చేయవలసినదే. ఇట్టి పరీక్షలు ఒకటి రెండు కావు, వందలు. సముద్రగర్భపు బురద పొరలలోని సూక్ష్మజీవుల గుల్లలను కొలిచి, చెజారె ఎమిలియాని 1955లో హిమయుగముల రాకపోకలను నిరూపించిన ప్రసిద్ధ పరిశోధన వెనుక ఈ వరుస కలదు. ఆ కొలతలలో మయేదా చేయి కలదు.

1953లో శామ్యూల్ ఎప్‌స్టైన్, తొషికో మయేదా అను రెండు పేర్లతో ఒక వ్యాసము వెలువడినది. విషయము సహజ జలములందలి ఆక్సిజను-18 భేదములు. నీటిని తిన్నగా పరికరములోనికి పంపుట చిక్కు. అందుచేత కొలది నీటిని ఫ్లాస్కులో నుంచి, దానిపై బొగ్గుపులుసు వాయువును నింపి, మారని వేడిమివద్ద చాలసేపు నిలువయుంచుదురు. నీటిలోని ఆక్సిజను, వాయువులోని ఆక్సిజను పరస్పరము మారుకొని సమస్థితికి వచ్చును. పిమ్మట ఆ వాయువును కొలిచిన చాలును. నీటి జాతకము తెలియును. సముద్రమునుండి లేచిన మేఘము లోనాడునకు, ధ్రువములవైపునకు పోవుకొలది బరువైన నీటిని ముందుగా కురిసి, తేలికనీటిని మిగుల్చుకొనును. కనుక వాననీరు, మంచునీరు, సముద్రపునీరు వేర్వేరు గుర్తులు మోయును. బావినీరు ఎక్కడి వానవలన వచ్చినది, చెరువునుండి ఎంత ఆవిరియైనది అను ప్రశ్నలకు ఈ గుర్తులు సాక్ష్యమిచ్చును. చెరువులను, బావులను నమ్ముకొని బ్రతుకు మన దక్షిణదేశమునకు ఇది దూరపు విషయము కాదు. భారతదేశపు భూగర్భజల పరిశోధనలలోను ఈ మార్గము అనుసరింపబడినది.

టెక్నీషియను పేరు సహరచయిత స్థానమున నుండుట ఆ కాలమున సర్వసాధారణము కాదు. దీనిని ఆచార్యుల ఔదార్యముగా మాత్రమే చెప్పుట న్యాయము కాదు. పద్ధతిని నిలబెట్టినవారికి పద్ధతిపై హక్కు కలదు.

1958లో యూరీ కాలిఫోర్నియాకు తరలిపోయెను. ఆచార్యుడు పోయినచో ప్రయోగశాల చెల్లాచెదరగుట తరచు జరుగును: పరికరములు మూలపడును, పనివారు వేరు కొలువులు చూచుకొందురు. చికాగోలో అట్లు జరుగలేదు. అదే సంవత్సరమున ఎప్‌స్టైన్ శిష్యుడగు రాబర్ట్ క్లేటన్ అను కెనడా దేశస్థుడు వచ్చి ఆ ప్రయోగశాలను చేపట్టెను. వచ్చినవాడు ముప్పదియేండ్లు నిండని యువకుడు. ప్రయోగశాల నడవడిని ఎరిగినది మయేదా. అప్పుడు మొదలైన వారి జంట కృషి ఆమె మరణమువరకు, అనగా నలువదియైదు సంవత్సరములు, తెగలేదు.

చిప్పనుండి ఆక్సిజనును రాబట్టుట ఆమ్లముచే సాధ్యము; రాతినుండి అట్లు సాధ్యము కాదు. సిలికేటు శిలలలో ఆక్సిజను గట్టిగా బంధింపబడియుండును. క్లేటన్, మయేదా 1963లో ప్రకటించిన పద్ధతి దీనికై బ్రోమిన్ పెంటాఫ్లోరైడు అను ద్రవమును వినియోగించినది. నీరు తగిలిన భగ్గుమను వస్తువది; గాజును సైతము తినివేయును. అందుచేత నికెలు లోహపు గొట్టములలో కొలది మిల్లిగ్రాముల రాతిపొడిని దానితో చేర్చి, వందల డిగ్రీల వేడిమిలో గంటలకొలది ఉంచుదురు. విడివడిన ఆక్సిజనును కాలుచున్న బొగ్గుకడ్డీపై నడిపించి బొగ్గుపులుసు వాయువుగా మార్తురు. ఇచట ముఖ్యమైన నియమమొకటి కలదు: రాతిలోని ఆక్సిజను యావత్తును వెలికి రావలెను. నూటికి తొంబది వచ్చినను చాలదు. ఏలయన మొదట వచ్చునది, చివర వచ్చునది ఒకే పాలు గలవి కావు. లెక్క కుదరని నమూనాను పారవైచి మరల ప్రారంభించు నిర్దాక్షిణ్యము టెక్నీషియనుకు ఉండవలెను. చంద్రునినుండి తెచ్చిన మట్టి విషయమున నిట్టి నిర్ణయము ఎంత బరువైనదో ఊహింపవచ్చును.

1969 ఫిబ్రవరి 8న మెక్సికో దేశమున అయెందే అను గ్రామప్రాంతమున గొప్ప ఉల్కాపాతము జరిగినది. ఏరిన రాళ్లు రెండు టన్నులకు పైబడినవి. ఆ రాళ్లలో తెల్లని మచ్చలవలె కాల్షియము, అల్యూమినియము అధికముగాగల పలుకులు కలవు. అవి సూర్యకుటుంబమున మొట్టమొదట గట్టిపడిన పదార్థములని నేడు తెలిసినది. భూమిపై రసాయన చర్యలు సాధారణముగా ఆక్సిజను-18 పాలును ఎంత మార్చునో, 17 పాలును అందులో సుమారు సగము మార్చును. ఇది చాల నమ్మకమైన నియమము. అయెందే పలుకులలో ఈ నియమము చెల్లలేదు; రెండును సమానముగా మారినవి. ఇట్టి ఫలితమును చూచిన ఏ ప్రయోగశాలయైనను మొదట శంకించునది తన పనివానిని: పాత్ర కడుగుటలో లోపమా, గాలి చొరబడినదా, పరికరము తప్పినదా? ఇరువది యేండ్లుగా ప్రమాణ వాయువులతో తూచిన చేతులు కావున చికాగోవారు ఆ అంకెలను నమ్మగలిగిరి. 1973లో క్లేటన్, గ్రాస్‌మన్, మయేదా దానిని ప్రకటించిరి.

వారప్పుడు చెప్పిన కారణము వేరు: మరియొక నక్షత్రమున పుట్టిన ఆక్సిజను-16 ఇందు కలిసినదని భావించిరి. 2002లో క్లేటన్ స్వయముగా ఆ వివరణను మార్చి, తొలిసూర్యుని కిరణములు వాయువును విడగొట్టిన తీరు దీనికి మూలమని సూచించెను. జెనెసిస్ వ్యోమనౌక తెచ్చిన సౌరవాయువుల పరీక్ష 2011లో ఈ క్రొత్త వివరణకు బలమిచ్చినది. వ్యాఖ్య మారినది, అంకె మారలేదు.

ఆ పిమ్మట ఉల్కలకు గోత్రములు చెప్పు పని ఈ ప్రయోగశాలకు అబ్బినది. ఉల్కలను ఆక్సిజను పాళ్లనుబట్టి వర్గీకరించు వ్యాసమును క్లేటన్, ఒనుమా, మయేదా 1976లో ప్రకటించిరి. చంద్రశిలలు భూమి శిలల వరుసననే నిలిచినవి. భారతదేశపు రాళ్లకును ఇందు పాలు కలదు. 1865 ఆగస్టు 25న బీహారునందలి షెర్గాటీవద్ద పడిన ఉల్క పేరిట ఒక జాతియే ఏర్పడియున్నది. 1983లో క్లేటన్, మయేదా ఆ జాతిని, దాని బంధువర్గమును పరీక్షించి అవి ఒకే తల్లి గ్రహమునకు చెందినవని బలపరచిరి. ఆ తల్లి కుజుడని నేడు శాస్త్రజ్ఞులు అంగీకరింతురు. మధుర సీమయందలి కొడైకెనాల్‌లో 1898లో దొరికిన ఇనుప ఉల్క చేరిన వర్గము సాధారణ శిలా ఉల్కలలోని ఒక శాఖతో జ్ఞాతిత్వము గలదని తేలినదియు ఇట్టి ఆక్సిజను కొలతలవలననే. మద్రాసు సమీపమున పల్లావరపు కొండరాతితో చేసిన జాబ్ చార్నాక్ సమాధిఫలకమునుబట్టి చార్నొకైటు అని పేరొందిన శిలాజాతిని విన్నవారు పలువురుందురు. అట్టి దక్షిణ భారత శిలల ఆక్సిజను పరిశీలనను క్లేటన్ మరి యిద్దరితో కలిసి 1988లో వెలువరించెను.

మయేదాకు డాక్టరు పట్టము లేదు. ప్రపంచపు నలుమూలలనుండి చికాగోకు వచ్చిన పరిశోధకులకు ఆక్సిజను పనిని నేర్పినవారిలో ఆమె యొకతె. నేర్చుకొన్నవారు ఆచార్యులైరి, ఆమె ప్రయోగశాలయందే యుండెను. దీనిని త్యాగముగా కీర్తించుట సులభము, కాని అది ఆమె పనిని తక్కువ చేయును. ఆమె యెన్నుకొన్నది కొలత. ఆమెకు బాల్యమునిచ్చిన జపాను దేశపు భూరసాయన సంఘము 2002లో ఆమెను పురస్కారముతో గౌరవించెను.

తొషికో మయేదా 2004 ఫిబ్రవరి 13న చికాగోలో మరణించెను. క్లేటన్ 2017 డిసెంబరు 30న కాలధర్మము నొందెను. నికెలు గొట్టముల స్థానమున అనేక ప్రయోగశాలలందు లేజరు కిరణముతో రాతిని వేడిచేయు పద్ధతి వచ్చినది; నీటి ఫ్లాస్కులను నేడు యంత్రమే త్రిప్పి, యంత్రమే తెరచును. అయినను రాతినుండి ఆక్సిజనును తీయు వ్యాసములందు 1963 నాటి పద్ధతియు, నీటిని పరీక్షించు వ్యాసములందు 1953 నాటి పద్ధతియు నేటికిని పేర్కొనబడుచున్నవి. ఆ పేర్కొనుటలో ఒక చోట క్లేటన్ పేరు ప్రక్కను, మరియొక చోట ఎప్‌స్టైన్ పేరు ప్రక్కను మయేదా పేరు కానవచ్చును.